24 గంటల బొమ్మకి నిర్మాత ఎవరు?

కావలి నుంచి ఓ కుర్రాడు ఉత్తరం రాశాడు. పేరు వెయ్యొద్దన్నాడు కాబట్టి వెయ్యడం లేదు. మామూలుగా నాకొచ్చే ఉత్తరాల్లో సగం "ఫలానా హీరో ఎత్తెంత?" బాపతే. ఇది అలాంటిది కాదు.

"సార్, అజిత్ దుబాయ్‌లో 24 గంటల కారు పందెంలో మూడో స్థానం కొట్టాడని మా కాలేజీలో ఇప్పటికీ ఒకటే గోల. మా నాన్న లారీ డ్రైవరు. ఐసు కరక్కుండా చేపల లోడు కలకత్తా చేర్చాలి. రెండు రాత్రులు తోలతాడు. ఆయనకెవరూ కప్పు ఇవ్వలేదు. డబ్బుంటే ఎవడైనా తోలతాడు సార్. సొంత టీము, సొంత కారు. ఇందులో గొప్పేముంది? మొహమాటం లేకుండా రాయండి."

మొహమాటం లేకుండానే రాస్తాను తమ్ముడూ. చదివి రెండు రోజులు ఊరుకున్నాను. ఎందుకంటే నువ్వన్నదాంట్లో సగానికి పైగా నిజం. ఆ నిజం ముందు ఒప్పుకుంటేగానీ మిగతా సగం చెప్పడానికి నాకు హక్కుండదు.

ఈ పందేల సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఫార్ములా వన్ లాంటివి గంటన్నర, రెండు గంటల్లో ముగుస్తాయి. స్పోర్ట్స్ కార్ల ఓర్పు పందెం అలా కాదు. ఆరు గంటలు, పన్నెండు గంటలు, ఇరవై నాలుగు గంటలు. వీటన్నిటికీ పెద్దన్న ఫ్రాన్సులో లె మాన్స్ అనే ఊళ్లో 1923 నుంచి జరుగుతున్న పందెం. ఒక చుట్టు 13.626 కిలోమీటర్లు. పగలూ రాత్రీ వానా ఎండా ఏదైనా సరే, కారు తిరుగుతూనే ఉండాలి. 2010లో గెలిచిన ఆడీ కారు 24 గంటల్లో 5,410 కిలోమీటర్లు తిరిగింది. మీ నాన్నగారు కావలి నుంచి కలకత్తా వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ కలకత్తా వెళ్లినా అంత దూరం కాదు! ఒక కారుకి ముగ్గురు డ్రైవర్లు వంతులేసుకుని తోలతారు. ఏ ఒక్కడూ మొత్తం మీద 14 గంటలకి మించి తోలకూడదని అక్కడ నిబంధన.

నాకీ పందెం పరిచయమైంది సినిమా హాల్లోనే. విజయవాడలో ఇంగ్లీషు బొమ్మలు మార్నింగ్ షోలుగా వేసే రోజులు. స్టీవ్ మెక్వీన్ నటించిన 'లె మాన్స్' అనే 1971 నాటి బొమ్మ ఆలస్యంగా మా దాకా వచ్చింది. మొదలై అరగంటయినా తెర మీద మనుషులు మాట్లాడరు. లౌడ్‌స్పీకర్లో అనౌన్సరు గొంతు, ఇంజన్ల చప్పుడు, అంతే. బెంచీ వాళ్లు "ఆపరేటర్, మాటలేవిరా!" అని ఈలలు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. మాటల్లేని ఇంగ్లీషు బొమ్మ కంటే వరం ఏముంది? బయటికొచ్చి సైకిలెక్కి బెంజి సర్కిల్ దాకా వంగి తొక్కాను. మా స్నేహితుడు వెనక కేరియర్ మీద కూచుని నోటితో ఇంజను మోత పెట్టాడు.

ఆ బొమ్మ వెనక కథ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అది బొమ్మ కంటే బాగుంటుంది.

మెక్వీన్‌కి కార్ల పిచ్చి. నటుడి సరదా అనుకునేరు! 1970 మార్చిలో అమెరికాలో సీబ్రింగ్ పన్నెండు గంటల పందెంలో ఎడమ కాలికి కట్టుతోనే తోలి, రెండో స్థానంలో వచ్చాడు. అంతకుముందు మోటారుసైకిల్ పందెంలో పాదం విరిగింది లెండి. గెలిచిన మారియో ఆండ్రెట్టి ఫెరారీకీ ఇతగాడి కారుకీ తేడా అర నిమిషం లోపు. న్యాయంగా చెప్పాలంటే ఎక్కువ గంటలు తోలింది జతగాడు పీటర్ రెవ్సన్. ఆ రెవ్సన్‌ది కూడా సామాన్యమైన ఇల్లేం కాదు, రెవ్లాన్ సౌందర్య సాధనాల కుటుంబం.

ఆ ఊపులో మెక్వీన్ లె మాన్స్ పందెం మీద బొమ్మ తీస్తానన్నాడు. కథ పూర్తిగా తయారు కాకుండానే 1970 జూన్‌లో షూటింగు మొదలెట్టారు. అసలు పందెంలో తానే తోలాలని అతని కోరిక. పెట్టుబడి పెట్టినవాళ్లూ ఇన్సూరెన్సు వాళ్లూ ససేమిరా అన్నారు. అప్పుడతని కంపెనీ ఓ పోర్షే 908కి కెమెరాలు బిగించి నిజం పందెంలోనే దింపింది. వేరేవాళ్లు తోలారు. షూటింగు వారాలు దాటి నెలలైంది, ఖర్చు మీద ఖర్చు. డైరెక్టరు జాన్ స్టర్జెస్ మధ్యలో వెళ్లిపోయాడు. లీ కాట్జిన్ వచ్చి పూర్తి చేశాడు. డేవిడ్ పైపర్ అనే రేసు డ్రైవరుకి షూటింగులో జరిగిన ప్రమాదంలో కాలు మోకాలి కిందికి తీసెయ్యాల్సొచ్చింది. బొమ్మ పూర్తవడం కోసం మెక్వీన్ పారితోషికం వదులుకున్నాడు. తీరా విడుదలయ్యాక ఆడలేదు. కంపెనీ పోయింది. భార్యతో తెగిపోయింది. మన దగ్గర సొంత బొమ్మ తీసి ఇల్లు అమ్ముకున్న హీరోల కథలు విన్నాం కదా, సరిగ్గా అదే కథ, అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి.

ఇహ అసలు పాయింటుకొద్దాం. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. సినిమా తీసి చూడు అని మనవాళ్లు చేర్చారు. ఓర్పు పందెంలో కారు దింపి చూడు అని నేను చేరుస్తాను.

ఆ బొమ్మలో మెక్వీన్ తోలిన పోర్షే 917 సంగతే చూడండి. ఆ తరగతిలో పాల్గొనాలంటే కనీసం 25 కార్లు తయారు చేసి చూపించాలని 1969లో నిబంధన. తనిఖీకొచ్చినవాళ్లకి మొదట పూర్తయిన కార్లు కొన్నే, మిగతావి విడిభాగాలుగా కనిపించాయి. కుదరదు, 25 నిలబెట్టి చూపించమన్నారు. ఫ్యాక్టరీలో చేతికందిన వాళ్లందర్నీ, ఆఫీసు సిబ్బందితో సహా, బిగింపు పనికి పెట్టి ఏప్రిల్లో ఇరవై అయిదూ వరసగా నిలబెట్టారు. ఒక్కోదాని ధర లక్షా నలభై వేల జర్మన్ మార్కులు. ఆ డబ్బుతో పది మామూలు పోర్షేలు వచ్చేవని లెక్క. తర్వాతి ఏడాది అదే కారు లె మాన్స్ గెలిచింది. ఆ ఏడు బయల్దేరిన 51 కార్లలో చివరికి స్థానాలు దక్కింది ఏడింటికే.

కంపెనీలంటే సరే. వాళ్లు మన ఫైనాన్షియర్ల లాంటివాళ్లు. ఉన్నన్నాళ్లూ దండలు, శాలువాలు. ఒకరోజు పొద్దున్నే లెక్క చూసుకుని తలుపేస్తారు. 2012 జనవరిలో ప్యూజో అలాగే వెళ్లిపోయింది, సీజను ఇంక మొదలవబోతోందనగా. పదమూడు లె మాన్స్ విజయాలు మూటగట్టుకున్న ఆడీ 2016తో ఆపేసింది. మరుసటేడు పోర్షే. ఆ పోర్షే 2023లో తిరిగొచ్చి, 2025తో ప్రపంచ చాంపియన్‌షిప్పు పై తరగతి నుంచి ఫ్యాక్టరీ టీముని మళ్లీ తప్పిస్తున్నట్టు ప్రకటించింది. కార్లు తక్కువై 1993లో మొత్తం ప్రపంచ చాంపియన్‌షిప్పే జరక్కుండా పోయింది. కంపెనీలు ఫార్ములా వన్ జాతి ఇంజన్లు పెట్టి ఖర్చు ఆకాశానికెత్తితే చిన్న టీములు ఒక్కొక్కటే దుకాణం కట్టేశాయి.

కంపెనీ వెళ్లినా పందెం నిలబడాలి కదా. నిలబెట్టేదెవరో తెలుసా తమ్ముడూ? నువ్వు తిట్టిన బాపతు మనుషులే. సొంత డబ్బు పెట్టి తోలేవాళ్లు.

వాళ్ల లెక్క చెప్తాను. అజిత్ టీము దుబాయ్‌లో దింపింది పోర్షే 911 జీటీ3 కప్ అనే రకం. ఈ మోడలు 2021లో వచ్చినప్పుడు ధర 2,25,000 యూరోలు, పన్నులు అదనం. మన డబ్బులో రెండు కోట్ల పైమాటే. ఇది మెట్లలో కింది మెట్టు. లె మాన్స్‌లో తిరిగే జీటీ3 తరగతి కారు అయిదు లక్షల యూరోలు దాటుతుంది. దానికి పైన ఎల్ఎంపీ2 అని ఒకటుంది, ఖర్చు హద్దు మీరకూడదని 2017లో దానికి ధర గరిష్ఠం కట్టారు. ఎంతనుకున్నారు? 4,83,000 యూరోలు, ఇంజను కాకుండా! ఖర్చు తగ్గించడమంటే ఇది.

కారు కొనడం అయింది. ఏనుగుని కొనడం వేరు, మేపడం వేరు. టైర్లు గంటల లెక్కన అరిగిపోతాయి. ఇంజనూ గేరుబాక్సూ ఇన్ని గంటలు తిరిగితే విప్పి మళ్లీ కట్టాలని లెక్క. మెకానిక్కులు, ఇంజనీర్లు, వాళ్ల విమానం టిక్కెట్లు, హోటళ్లు, కారుని ఖండాలు దాటించే రవాణా, సెటు సెటుగా విడిభాగాలు. గుద్దితే ఆ నష్టం ఎవడు భరించాలన్నది కాగితం మీద ముందే రాసుకుంటారు. చాలాసార్లు గుద్దినవాడి జేబే.

మన స్టూడియోల్లో ఒక మాట వాడుకలో ఉంది, "డబ్బులిచ్చి వేషం". కొత్త కుర్రాడు నిర్మాత దగ్గరికొచ్చి, మా నాన్న ఇంత పెడతాడు, నన్ను సెకండ్ హీరోగా పెట్టండి అంటాడు. మనం వెనక నవ్వుకుంటాం. ఓర్పు పందెంలో అది నవ్వుకునే విషయం కాదు, రాసిపెట్టిన నిబంధన. డ్రైవర్లకి నాలుగు మెట్లు: ప్లాటినం, గోల్డు, సిల్వరు, బ్రాంజు. పై రెండూ జీతానికి తోలే ఆరితేరినవాళ్లు. బ్రాంజంటే ముఖ్యంగా వయసొచ్చాక సరదాతో దిగినవాళ్లు: వ్యాపారులు, డాక్టర్లు, నటులు. ఇప్పుడు ప్రపంచ చాంపియన్‌షిప్పు జీటీ3 తరగతిలో ప్రతి కారులోనూ ఒక బ్రాంజు తప్పనిసరి. అంటే డబ్బిచ్చే వేషం లేకుండా బొమ్మే మొదలవదు! ఆ బ్రాంజు పెట్టిన డబ్బులోంచే పక్కన కూచునే పేదింటి ప్రతిభావంతుడికి జీతం. ఇది న్యాయమా అంటే, నాకు పూర్తిగా మింగుడు పడలేదు. కానీ సినిమా పేజీల్లో ఇన్నేళ్లుగా రాస్తున్నవాణ్ణి, డబ్బు పెట్టేవాడు లేని కళ ఒక్కటీ నాకు తారసపడలేదు.

డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందనేది ఇంకో కథ. 1979 లె మాన్స్. హాలీవుడ్ హీరో పాల్ న్యూమన్‌కి అప్పటికి 54 ఏళ్లు. డిక్ బార్బర్ అనే ఆసామి సొంత పోర్షే 935లో, బార్బర్‌తోనూ రాల్ఫ్ స్టొమెలెన్ అనే జర్మన్ ఘటికుడితోనూ కలిసి దిగాడు. వాన కుమ్మేసింది. రెండో స్థానంలో వచ్చాడు. పిట్‌లో ఒక చక్రం నట్టు బిగుసుకుపోయి రాకపోవడంతో బోలెడు నిమిషాలు పోయాయి, లేకపోతే ఏమయ్యేదో. గెలిచిందెవరు? క్లాస్ లుడ్విగ్ అనే జర్మన్ డ్రైవరు, డాన్, బిల్ విటింగ్టన్ అనే అమెరికన్ అన్నదమ్ములు. ఈ సోదరులు పందేనికి ముందు, మొదటి వంతు మాకివ్వమంటే టీము వాళ్లు కుదరదన్నారట. ఏం చేస్తే కుదురుతుంది? కారు మీదైతే మీ ఇష్టం. రెండు లక్షల డాలర్లు నోట్లుగా ఉన్న సంచీ చూపించి కారు కొనేశారని పిట్ లేన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏడేళ్ల తర్వాత, 1986లో, గంజాయి రవాణా కుట్ర కేసులో బిల్ నేరం ఒప్పుకుని జైలుకెళ్లాడు. తర్వాత డాన్‌కీ శిక్ష పడింది. వాళ్లతో తిరిగిన రాండీ లేనియర్ మరీ ఘనుడు. 1984లో అమెరికా ఐఎమ్ఎస్ఏ చాంపియన్‌షిప్పుని, పెద్ద స్పాన్సరెవరూ లేకుండా, ఆరితేరిన టీములమీద గెలిచాడు. అంత డబ్బెక్కడిదా అని అందరూ ముక్కున వేలేసుకున్నారు. పడవలకి పడవల గంజాయిదని తర్వాత తేలింది. 1988లో పెరోలు లేని యావజ్జీవం వేశారు. 2014లో విడుదలయ్యాడు. ఇంత కథ ఉండగా మన రచయితలు ఇంకా విలన్‌కి గోడౌన్ సెట్టే వేస్తున్నారు!

అయితే ఒక్క సంగతి. ఆ 1979 పందెంలో ఆఖరి గంటల్లో డాన్ కారు ట్రాకు మధ్యలో ఆగిపోయింది. ఇంధనం పంపు నడిపే బెల్టు తెగింది. ట్రాకు మీద బయటివాడెవడూ చెయ్యి వెయ్యకూడదు. సంచీలో ఎంత డబ్బున్నా అక్కడ చెల్లదు. అతగాడు దిగి, తంటాలు పడి, గంటకి పైగా కుస్తీ పట్టి, తన చేత్తో తనే సర్ది కారుని పిట్‌కి తెచ్చాడు. హైవే పక్కన రాత్రిపూట బెల్టు తెగితే మీ నాన్నగారు ఏం చేస్తారో అదే.

ఇప్పుడు నీ ప్రశ్న. అజిత్ సంగతి.

మనకి ఆయన మరీ పరాయివాడేం కాదు. పుట్టింది సికింద్రాబాదులో. తెలుగు తెర మీద హీరోగా మొదటి బొమ్మ 'ప్రేమ పుస్తకం', 1993లో వచ్చింది. ఆ బొమ్మ డైరెక్ట్ చేస్తూనే గొల్లపూడి శ్రీనివాస్ చనిపోతే, తండ్రి మారుతీరావు గారు పూర్తి చేశారు. కార్ల పిచ్చి కూడా నిన్నటిది కాదు. 2003లో ఆసియా ఫార్ములా బీఎండబ్ల్యూలో, 2010లో ఫార్ములా 2లో తోలాడు. రెండింటికీ మధ్య సినిమాలు, దెబ్బలు, ఆపరేషన్లు. 2024లో తన పేరుతోనే టీము పెట్టాడు.

2025 జనవరి. దుబాయ్. పందేనికి నాలుగు రోజుల ముందు ప్రాక్టీసులో కారు అడ్డుగోడని గుద్ది గిరగిరా తిరిగిపోయింది. ఆ వీడియో నువ్వూ చూసే ఉంటావు. మనిషికి దెబ్బ తగల్లేదు. కారు బాగుచేశారు. అంతవరకూ అందరికీ తెలుసు. ఆ తర్వాత జరిగింది గోలలో చాలామంది గమనించలేదు. తన ఆరోగ్యం, టీము గెలుపు రెండూ ఆలోచించుకుని, ఆ కారు తాను తోలనని పక్కకి తప్పుకున్నాడు. మాథ్యూ డెట్రీ, ఫాబియన్ డుఫియూ, కామెరన్ మెక్లియోడ్ దాన్ని తోలి తమ తరగతిలో మూడో స్థానం తెచ్చారు. అజిత్ వేరే టీము తాలూకు చిన్న తరగతి కారులో, జీటీ4లో, తన వంతు తాను తోలాడు. ఆ కప్పు అతను తోలి తెచ్చింది కాదు తమ్ముడూ. మీ కాలేజీలో గోల చేస్తున్నవాళ్లకి ఆ మాట చెప్పు, అందులో నీతో నేనున్నాను.

కానీ నేను చూసేది ఇంకో వైపు నుంచి. ఇన్నేళ్లలో ఎన్నో సొంత బొమ్మలు చూశాను. డబ్బు తనది, బ్యానరు తనది, పోస్టరు మీద మొహం తనది. రషెస్ చూసుకుని, "ఈ వేషం నేను వేస్తే బొమ్మ దెబ్బతింటుంది, ఇంకెవర్నైనా పెట్టండి" అని తన వేషం తనే కత్తిరించుకున్న హీరోని ఒక్కణ్ణి చూపించు. మెక్వీన్‌ని కారు దింపడానికి ఇన్సూరెన్సు వాళ్లు అడ్డుపడాల్సొచ్చింది. ఇక్కడ ఎవరూ అడ్డుపడలేదు. కోట్లు పోసి కొనుక్కున్న సీటులోంచి తానే దిగాడు. డబ్బుంటే ఎవడైనా ఎక్కుతాడన్నావు, ఒప్పుకుంటాను. దిగడం మాత్రం అంత సుళువు కాదు.

ఇంకో ముక్క చెప్పి ముగిస్తాను, ఇది డబ్బు లేనివాళ్ల కోసం. 2009 లె మాన్స్‌లో మన నారాయణ్ కార్తికేయన్ ఒక ప్రైవేటు టీము ఆడీలో తోలాల్సింది. పందెం మొదలవబోతుండగా పిట్ గోడ మీంచి పడి భుజం జారింది. తోలలేకపోయాడు. ముగ్గురి పని ఇద్దరి మీద పడింది. ఆ ఇద్దరిలో ఒకడు ఆండ్రీ లోటరర్. జపాన్‌లో పందేలు తోలుకునేవాడు, లె మాన్స్ అతనికి అదే మొదటిసారి. ఇద్దరే 24 గంటలూ ఈడ్చి ఏడో స్థానంలో తెచ్చారు. ఆడీ కంపెనీ కన్ను పడింది. మరుసటేడే ఫ్యాక్టరీ టీములో జీతానికి పెట్టుకున్నారు. 2011, 2012, 2014 మూడుసార్లు లె మాన్స్ గెలిచాడు. ఇలాంటి తలుపు పదేళ్లకోసారి తెరుచుకుంటుందేమో. అదీ ఇంకొకడి భుజం జారితే. ఇది చూసి నువ్వు ఇల్లు వదిలి బయల్దేరకు.

మీ నాన్నగారికి కప్పు ఇవ్వలేదన్న మాటకి నా దగ్గర జవాబు లేదు. ఒక్కటి మాత్రం ఆయన్ని నా తరఫున అడుగు. రాత్రి మూడింటికి స్టీరింగు జోడీ డ్రైవరు చేతికిచ్చి వెనక పడుకుంటే, ఆయనకి నిద్ర పడుతుందా? లె మాన్స్ డ్రైవర్లకి పట్టదని వాళ్లే చెప్పుకుంటారు. కళ్లు మూసుకుని ఇంజను చప్పుడే వింటూ ఉంటారట. ఆయనేమంటారో రాసి పంపు. వచ్చే వారం ఇక్కడే వేస్తాను, హీరో ఎత్తుల ప్రశ్నలన్నీ పక్కన పెట్టి.